గుంబజ్ గోడలో గొంతు

కుంఠా నాకా వాడలోని సాంచల షెడ్డులో రాజారాం ఇరవై ఆరేళ్లుగా చద్దర్లు నేస్తున్నాడు. సాంచలంటే కరెంటు మగ్గాలు. ఇరవై నాలుగు సాంచలు ఒక్కసారిగా నడుస్తుంటే, పక్కన నిలబడి అరిచినా మనిషి నోరు కదలడం కనిపిస్తుందే తప్ప మాట వినిపించదు. అందుకే ఆ షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్లు కావాలన్నా, నూలు తెగిందన్నా, ఒక్కోదానికి ఒక్కో సైగ. తల మీద రెండు పిడికిళ్లు అడ్డంగా పెడితే, ఉన్నపళంగా సాంచ ఆపమని.

పద్నాలుగో ఏట ఆ చప్పుడులోకి దిగినవాడికి ముప్పై దాటేసరికి చెవులు మందగించాయి. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత సైకిల్ గంటలు. చివరికి భార్య చంద్రభాగ గొంతు పోయింది. అది ఏ రోజున పోయిందో అతనికి తెలియదు. ఒకనాడు చూసుకుంటే లేదు, అంతే. ఆమె మాత్రం అతని ముఖంలో ముఖం పెట్టి, నిదానంగా పెదవులు కదిపి చెప్పేది. అతను చదువుకునేవాడు. షెడ్డు సైగల్లో ఆపమనే ఒక్కటే ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్లుగా వాళ్ల కాపురం అలాగే నడుస్తోంది. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే.

ఎనభై ఏడులో, చలికాలం చివర్లో, షెడ్డుకు సెలవున్న రోజు ఇద్దరూ బిజాపూర్ బయలుదేరారు. గోల్ గుంబజ్ చూడాలని చంద్రభాగకు ఎప్పటి నుంచో ఉంది. అక్కడ గోడలో గుసగుసలాడితే అవతలి వైపున్నవాళ్లకు చెవిలో చెప్పినట్టు వినబడుతుందని బీడీలు చుట్టే ఆడవాళ్లు చెప్పగా విన్నది. నాకేం వినబడుతుందని రాజారాం నవ్వాడు. చూద్దాం పా అని ఆమె పట్టుబట్టింది.

పొద్దున బండెక్కి, జొన్నరొట్టెలు, పల్లికారం మూట విప్పుకుని తిని, ఎండ నడినెత్తికి వచ్చాక దిగారు. ఊరంతా తిరిగి గుంబజ్ దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. మూల బురుజులోని మెట్లు ఇరుకు, చీకటి. గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన. మెట్టు మెట్టుకూ చంద్రభాగ ఆయాసపడింది. పైకి చేరి, ఒక చిన్న తలుపులోంచి వంగి లోపలికి అడుగుపెట్టారు.

లోపల గుండ్రంగా ఒక వసారా. ఒక పక్క గుంబజ్ గోడ, రెండో పక్క నడుముకు తక్కువ ఎత్తున పిట్టగోడ. దాని అవతల ఏమీ లేదు. కిందెక్కడో సమాధులు, వాటి చుట్టూ చీమల్లా మనుషులు. స్కూలు పిల్లల గుంపొకటి చప్పట్లు కొడుతూ, అరుస్తూ తిరుగుతోంది. రాజారాంకు అదంతా పెదవుల కదలికే.

చంద్రభాగ అతన్ని గోడకు చెవి ఆనించి కూర్చోబెట్టింది. కళ్లు మూసుకోమని సైగ చేసి, తాను చుట్టూ నడిచి సరిగ్గా అవతలి వైపుకు వెళ్లింది. వెళ్తుంటే ఆమె ఆకుపచ్చ చీర కాసేపు కనిపించింది. అతను కళ్లు మూసుకున్నాడు. గోడ చల్లగా ఉంది.

"ఇనబడుతుందా..."

చంద్రభాగ గొంతే. కాస్త బొంగురు, మాటకు ముందు చిన్న గొంతు సవరింపు. ఎనిమిదేళ్ల కింద పోయిన గొంతు, పోయింది పోయినట్టే తిరిగొచ్చి చెవిలో కూర్చుంది.

అతనికి ఏడుపొచ్చింది. వినబడుతోందని, మళ్లీ చెప్పమని గోడతోనే అన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు మళ్లీ మొదలైంది. ఈసారి ఆగలేదు. పెళ్లైన కొత్తలో తిన్న జామపళ్ల సంగతి చెప్పింది. నిలవని బిడ్డ సంగతి చెప్పింది. పెదవులతో ఎన్నడూ చెప్పని సంగతులు.

"నీ ఎనక నిలబడి ఎన్ని మాటలు చెప్పిన్నో నీకు ఎరుకేనా?" అంది గొంతు. "నువ్వు అటు తిరిగి పంటవ్. నేను నీ ఈపుకు చెప్పుకుంట ఉంట."

తనకు తెలియదని, అవన్నీ ఇప్పుడు చెప్పమని రాజారాం అడిగాడు. చెవి గోడకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు. కళ్లు తెరిచేసరికి స్కూలు పిల్లలు లేరు. పొద్దు వాలింది. తలుపుల్లోంచి పడే వెలుగు ఎర్రబారి, గోడ మీదికి పాకుతోంది. వసారాలో ఒక్క మనిషి కూడా లేడు. అవతలి వైపు మాత్రం, గోడ వారగా, ఆకుపచ్చగా ఏదో కూర్చుని ఉంది.

"దగ్గరికి రా," అంది గొంతు. "అన్ని చెప్త."

అతను లేచి గోడ వెంట నడిచాడు. సగం చుట్టు తిరిగాక ఆగి చూశాడు. ఆమె అక్కడ లేదు. మళ్లీ అవతలే ఉంది, తాను లేచి వచ్చిన చోట. ఆట పట్టిస్తోందనుకున్నాడు. వెనక్కి నడిచాడు. ఆమె మళ్లీ ఎదురుగానే. ఆమె లేవడం అతను చూడలేదు. నడవడం చూడలేదు.

చెవి గోడకు ఆనించాడు. ఆనించకపోయినా వినబడుతోందని అప్పుడు తెలిసింది.

"సుట్టు తిరిగితె నేను గూడ తిరుగుత. నడుమకెళ్లి రా."

నడుమ అంటే... నడుమ ఏముంది? గాలి. రాజారాంకు ఆ సంగతి తెలుసు. తెలిసే పిట్టగోడ దగ్గరికి నడిచాడు. భయం వేసింది, కానీ ఆ గొంతు ఆగిపోతుందేమోనన్న భయం అంతకంటే పెద్దదిగా ఉంది. ఎనిమిదేళ్లు... మళ్లీ ఆ నిశ్శబ్దంలోకి పోవాలి. పిట్టగోడ మీద చేయి పెట్టాడు. ఒక కాలు ఎత్తి అవతల వేశాడు.

"కిందికి సూడకు," అంది గొంతు.

చూడొద్దనే దాకా అతనికి చూడాలన్న తలంపే లేదు.

చూశాడు.

కింద, సమాధుల అరుగు పక్కన, ఆకుపచ్చ చీరలో చంద్రభాగ నిలబడి ఉంది. ముఖం పైకెత్తి... నోరు బార్లా తెరిచి... గొంతు నరాలు తెగేలా అరుస్తోంది. పక్కనే ఒక ముసలాయన నేల మీద పరిచిన తువ్వాలు దులుపుకుంటున్నాడు. ఆయన తల తిప్పలేదు. కింది వాకిలి దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లూ తిప్పలేదు. చంద్రభాగ రెండు పిడికిళ్లూ తల మీద అడ్డంగా పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

ఆపు. ఆపు.

"అది నేను కాదు," అంది గొంతు, చెవికి మరీ దగ్గరగా. "ఇటు సూడు."

ఇరవై ఆరేళ్లుగా ఆ సైగ కనబడితే, ఆలోచన కంటే ముందు అతని ఒళ్లే ఆగుతుంది. ఆగింది. కాలు గాలిలో, చేయి రాతి మీద, అలాగే బిగుసుకుపోయాడు. అంతలో వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. కాపలా మనిషి. తాళం వేయడానికి వచ్చినవాడు. ముఖమంతా చెమట పట్టి ఏదో తిడుతున్నాడు. రాజారాంకు ఒక్క మాటా వినబడలేదు. గొంతు ఆగిపోయింది. అవతలి వైపు ఖాళీ గోడ.

మెట్ల కింద చంద్రభాగ అతన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గోడలో ఒక్క మాట చెప్పేసరికి కళ్లు తిరిగినట్టై, దిగిపోతున్నానని దూరం నుంచే సైగ చేసి, నువ్వు చూశావనుకుని వచ్చేశానని పెదవులతో చెప్పింది. ఆ ఒక్క మాట ఏమిటని అడిగాడు. ఇనబడుతుందా అన్నానంది. ఇంకేమీ అనలేదా అన్నాడు. లేదంది.

తిరుగు ప్రయాణమంతా రాజారాం కిటికీ వైపు చూడలేదు. ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పని దిగి ఇంటికొచ్చేసరికి పక్కింటి గంగమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తునికాకు కత్తిరించుకుంటూ రోజంతా చంద్రభాగతో కలిసి బీడీలు చుట్టే మనిషి. అతనికి అర్థమయ్యేలా ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"చంద్రభాగకు గొంతు ఎప్పటిసంది పోయింది, రాజన్నా? పొద్దటి నుంచి ఉత్త పెదవులే ఆడిస్తుంది."

రాజారాంకు ముందు ఆ మాట తలకెక్కలేదు. నిన్న సాయంత్రం నుంచి ఆమె తనతో మాట్లాడుతూనే ఉంది. బండిలో, ఇంట్లో, పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు. తర్వాత ఆ తువ్వాలు దులుపుకున్న ముసలాయన గుర్తొచ్చాడు. చప్పట్లు కొడితే ఏడుసార్లు తిరిగి మోగే గుంబజ్‌లో, చంద్రభాగ అంతలా అరిచినా తల తిప్పని ముసలాయన.

భార్య దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఆమె చేటలోని ఆకు పక్కన పెట్టింది. అతని వైపు తిరిగింది.

"అరిసి అరిసి గొంతు పట్టుకుందనుకున్న," అన్నాయి ఆమె పెదవులు. "కాదు. అరవబోతెనే రాలే. గోడల చెప్పిన మాట పోయింది, మల్ల రాలే. నీకు పెదవులైతె సాలు గద అని చెప్పలే."

డాక్టరు టార్చీ వేసి చూశాడు. గొంతులో ఏ తేడా లేదన్నాడు. గోలీలు రాశాడు. నెల తిరిగింది. రెండు నెలలు తిరిగాయి. చంద్రభాగ మిగతా చేతి సైగలన్నీ నేర్చుకుంది. షెడ్డులో లేని సైగలు కూడా ఇద్దరూ కలిసి కొన్ని చేసుకున్నారు. గుంబజ్‌లో తాను విన్నదంతా రాజారాం ఆమెకు ఒకనాడు చెప్పాడు. నిలవని బిడ్డ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమె అతని నోటికి చేయి అడ్డం పెట్టింది. అవన్నీ నిజంగానే తాను అతని వీపుతో చెప్పుకున్న మాటలేనంది. ఆ తర్వాత వాళ్లు ఆ ఊరి పేరు ఎత్తలేదు.

ఎండాకాలంలో, రాజారాం పక్క సాంచల మీద పనిచేసే యాదగిరి బంధువుల పెళ్లికి బిజాపూర్ వెళ్లి వచ్చాడు. రాగానే పనిలోకి దిగకుండా, రాజారాంను చేయి పట్టి షెడ్డు బయటికి తీసుకెళ్లాడు. అతని ముఖం సంతోషంగా ఉంది. చంద్రభాగ చెల్లెకు గొంతు తిరిగొచ్చిందని నాకు చెప్పనే లేదేందని నిష్ఠూరమాడాడు. శుక్రవారం సాయంత్రం గుంబజ్ ఎక్కితే అవతలి నుంచి పేరు పెట్టి పిలిచిందట. జనంలో మనిషి కనబడలేదట గానీ, ఆ బొంగురు గొంతు తనకు తెలియదా అన్నాడు.

శుక్రవారం సాయంత్రం చంద్రభాగ గంగమ్మ వాకిట్లో, పదిమంది ఆడవాళ్ల నడుమ కూర్చుని బీడీలు చుడుతోంది. రాజారాం కళ్లారా చూశాడు. ఆ మాట యాదగిరితో అనలేకపోయాడు.

"ఏమన్నది?" అని మాత్రం అడిగాడు.

"ఏమంటది, మంచిగ మాట్లాడింది. మన వాడకట్టుల ఎవరెవరు ఉంటరు, పేర్లు చెప్పు అన్నది."

"నువ్వేమన్నవ్?"

యాదగిరి నవ్వాడు. వేళ్లు మడుస్తూ, ఒక్కో ఇంటి వైపూ చూపించాడు.

"అడిగింది గద. అందరియి చెప్పిన."