అమ్మకానికి పెట్టిన కన్నీళ్ళు

“నువ్వు కూడా ఇంత పని చేస్తావనుకోలేదమ్మా!” అనేసి ఫోన్ పెట్టేసింది అవతలున్న రిటైరైన నర్సు. ఇవతల ఆ మాట విన్న ఆమె, కుట్టుమిషన్ మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి గోడకి చేరగిలబడిపోయింది.

పదహారేళ్ళుగా తన అభిమాన గాయని కచేరీ ఎక్కడ జరిగినా ఆమె మూడో వరుసలో కూర్చునేది. ఒళ్ళో చిన్న రికార్డర్ పెట్టుకుని, దగ్గొచ్చినా గుటకలు మింగి ఆపుకుంటూ రికార్డు చేసేది. దొంగచాటుగా కాదు, గాయని అనుమతితోనే! అభిమానులంతా ఆమెని ‘మూడో వరుస అక్క’ అనేవారు. ఆ నర్సూ వాళ్ళలో ఒకరే. వాళ్ళ మధ్య ఉన్న కట్టుబాటు ఒక్కటే... అడిగినవాళ్ళకి ఊరికే ఇవ్వాలి, అమ్మకూడదు. ఇప్పుడా రికార్డింగులన్నీ ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉన్నాయట! చెల్లెలు పోయిన వారానికి గాయని పాడలేక, పాట మధ్యలో ఆపేసి వెక్కి వెక్కి ఏడ్చిన కచేరీ కూడా ఉందట! “చెరిపెయ్యకు, కానీ ఎవరికీ ఇవ్వకు తల్లీ” అని ఆవిడ చేతులు పట్టుకుని అడిగితే మాటిచ్చి దాచిన రికార్డింగ్ అది... దానికి ‘అరుదైన కన్నీటి కచేరీ’ అని పేరు కూడా తగిలించారట! ఎవరి నిర్వాకమో పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆ రికార్డింగులన్నీ ఉన్న కంప్యూటర్ బాగుచేస్తానని పోయిన నెలంతా ముందుగదిలో తిష్ట వేసినవాడు మరిదే.

“మూలపడి ఉన్నవే కదా వదినా! నువ్వెలాగూ ఊరికే పంచిపెడతావు. నేను నాలుగు రాళ్ళు వెనకేసుకుంటే తప్పొచ్చిందా?” అన్నాడు మరిది, ఆమె నిలదీస్తే, తాగుతున్న టీ కప్పు కింద పెట్టకుండానే.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన బస్సు డ్రైవరు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు.

“వాడేమన్నా పరాయివాడా? పాటలే కదా... దీనికింత రాద్ధాంతం ఎందుకే?” అన్నాడాయన.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది! ఈ ఇంట్లో అందరి మాటలూ పడింది, అందరి మాటా చెల్లనిచ్చింది. తనిచ్చిన మాట ఒక్కటి నిలబెట్టుకోవాలంటే అది రాద్ధాంతమా?

“అమ్మావు సరే, అందులో ఒక్కటైనా విన్నావా?” అంది మరిదితో.

“నాకంత తీరికెక్కడిది వదినా!”

అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని, అమ్మకానికి పెట్టినవాటిలో ఒకటి నొక్కింది. ముందుగా వినిపించింది ఆమె గొంతే. తేదీ, హాలు పేరు, ఆ తర్వాత గుసగుసగా, “ఇది ప్రేమతో పంచుకోవడానికే. దయచేసి ఎవరూ అమ్మొద్దు.” ప్రతి రికార్డింగ్ మొదట్లోనూ ఆమె చెప్పుకునే మాటలే అవి. వినకుండానే అమ్మేశాడు మహానుభావుడు! కొన్న ప్రతివాళ్ళూ ఆ గొంతు గుర్తుపట్టారు, అమ్ముతున్నది ఆమేననుకున్నారు...

భర్త ముఖం మాడిపోయింది. “ముందు అవన్నీ తీసెయ్యరా! కొన్నవాళ్ళందరికీ డబ్బు తిరిగిచ్చి, అమ్మింది నేనేనని నీ నోటితోనే చెప్పు!” అని తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

మర్నాడు ఆమె గాయని ఇంటికి వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పి భోరున ఏడ్చింది.

“నువ్వు అమ్మలేదని నాకు తెలుసు తల్లీ. కానీ... ఎదురుగా ఆ రికార్డర్ కనిపిస్తే ఇక నా గొంతు పెగలదు” అందావిడ.

తప్పు చేసింది ఒకరు, శిక్ష ఇంకొకరికి! అయినా ఆవిడ గొంతు ఆవిడది. ఆమె తలూపి వచ్చేసింది.

తర్వాతి కచేరీకి ఖాళీ చేతులతో వెళ్ళింది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచలేదు. పక్క సీట్లో భర్త ఉన్నాడు. సెలవు పెట్టుకుని రావడం ఇదే మొదటిసారి. రెండో పాటకే జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇంత బాగుంటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?” అన్నాడు గొంతు తగ్గించి.

“పదహారేళ్ళుగా చెబుతూనే ఉన్నానండీ...” అంది ఆమె, వేదిక మీంచి చూపు తిప్పకుండా.