మెట్ల మలుపులో ఒకటే ప్లగ్ పాయింట్

సైగాన్‌లో ఆ సందులో ఇళ్ళన్నీ అగ్గిపెట్టెల్ని నిలబెట్టినట్టు ఉంటాయి. వెడల్పు ఒక మంచం వేసుకునేంత, లోపలికి మాత్రం రైలుపెట్టెంత పొడుగు, పైకి నాలుగు అంతస్తులు. అటు గోడ వాళ్ళది, ఇటు గోడ వీళ్ళది. కిటికీలన్నీ వీధివైపే. మధ్యలో మెట్ల దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఇన్నేళ్ళయినా డియెప్‌కి ఆ మెట్లంటే గుబులు పోలేదు. ఎప్పుడూ గబగబా ఎక్కేసేది, గబగబా దిగేసేది.

ఆవేళ మామగారికి తద్దినం పెట్టుకునే రోజు. మొగుడు విన్ సరుకుల ఓడ మీద ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. వారం ముందే ఫోన్లో బతిమాలాడు.

"ఈసారన్నా నాన్న ముందు మీరు దణ్ణం పెట్టుకుంటుంటే కళ్ళారా చూడాలే. పోయినేడాది వీడియోలో నీ ముక్కొక్కటే కనబడింది. అదీ కదలకుండా."

"ఆ ముక్కు చూసేగా వెంటబడ్డావు. చూసుకో, ఏం నష్టం?" అని నవ్వేసింది గానీ, డియెప్‌కి మనసు కలుక్కుమంది. వైఫై పెట్టె కింద టీవీ పక్కన ఉంటుంది. పోయినవాళ్ళ ఫోటోలు పెట్టుకున్న పెద్దల గది నాలుగో అంతస్తులో. మూడో అంతస్తు దాటేసరికి సిగ్నల్ ప్రాణం పోతుంది. అందుకని సిగ్నల్‌ని పైదాకా అందించే ఎక్స్‌టెండర్ కొనుక్కొచ్చింది. అరచేతిలో పట్టే తెల్లటి డబ్బా, నేరుగా ప్లగ్‌లో గుచ్చేయడమే.

"సగం దూరంలో పెట్టక్కా," అన్నాడు కొట్టతను. "పేరు కూడా పాతదే ఇచ్చెయ్. ఏది అసలుదో, ఏది నకలో ఫోన్‌కి తెలీదు. దగ్గరున్నదాన్ని పట్టుకుని వేలాడుతుంది."

సగం దూరమంటే మూడో అంతస్తు మెట్ల మలుపు. అక్కడున్నది ఒకటే ప్లగ్ పాయింట్. మామగారు బతికుండగా దాన్నుంచే పైకి వైరు లాగి పెద్దల గదిలో ఎర్రదీపం పెట్టారు. ఆయన పోయాక కూడా అది ఆరకుండా చూసుకుంటూ వచ్చింది అత్తగారు థోవా. కరెంటు పోతే నూనెదీపం పట్టుకుని పరిగెత్తేది. ఎందుకంత పట్టుదల అంటే, "వాళ్ళ చోట వాళ్ళుండాలంటే దీపం ఉండాలి," అనేది. మల్టీప్లగ్ తెచ్చేదాకా ఆగమని కూడా చెప్పింది.

ఆగొచ్చు. కానీ మల్టీప్లగ్ అత్తగారు బజారు నుంచి తేవాలి, ఆమె బేరాలు తెమలాలి. ఈలోగా ఒక్కసారి పెట్టి చూస్తే ఏం పోయింది అనుకుంది డియెప్. వంటింట్లో కొబ్బరినీళ్ళలో పంది మాంసం, గుడ్లు సన్నటి సెగ మీద ఉడుకుతున్నాయి. కూతురు కింద చాప మీద పడుకుని నానమ్మ పాత ఫోన్‌లో బొమ్మలు చూస్తోంది. దాని ముద్దుపేరు తోమ్, అంటే రొయ్య. అత్తగారు బజారుకెళ్తూ వీధి గేటుకు బయట తాళం వేసి, తాళంచెవి జాగ్రత్తగా పట్టుకుపోయింది.

డియెప్ మలుపులో నిలబడి దీపం ప్లగ్ లాగేసింది. పైన గదిలో ఏదో చిన్నగా టిక్కుమంది. ఎక్స్‌టెండర్ గుచ్చింది. కాసేపు మినుకుమినుకుమని నీలంరంగు లైటు వెలిగింది. కొట్టతను చెప్పినట్టే అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చింది.

పైకెళ్ళి చూసింది. సిగ్నల్ నిండుగా ఉంది. విన్ సంతోషం తలుచుకుని నవ్వుకుంది. మసక చీకట్లో వరసగా ఫోటోలు. మామగారు కాన్, ఆయన తల్లి, చివరన ఆయన చెల్లెలు న్యాన్. పెళ్ళి కాకుండానే పోయిన మనిషి. ఈ మెట్ల మీదే పోయిందంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు. నానమ్మ పేర్లు చదివి పెద్దల్ని భోజనానికి పిలుస్తుంటే తోమ్ కూడా పాటలాగా అందుకునేది. ఫోటోలో పడుచుపిల్లలా ఉందని "న్యాన్ అక్క" అనేది. "అక్కేంటే మొద్దూ, నీకు నానమ్మవుతుంది," అని మొట్టికాయ తినేది.

ఇప్పుడు ఆ చివరి ఫోటోలో మనిషి కనబడలేదు. వెనక పరదా ఒక్కటే ఉంది. దీపం లేక అలా అనిపిస్తోంది కాబోలు అనుకుంది డియెప్.  కూర అడుగంటుతుందని గుర్తొచ్చి గబగబా మెట్లు దిగింది. మలుపు. నీలంరంగు లైటు. దాటేసి ఇంకా దిగింది.

మలుపు. నీలంరంగు లైటు.

పరధ్యానంలో సరిగ్గా చూసుకోలేదనుకుంది. మళ్ళీ దిగింది. ఈసారి ఒక్కో మెట్టూ చూసుకుంటూ... గోడ తడుముకుంటూ...

మలుపు. అదే లైటు.

పైకి పరిగెత్తింది. పైన కూడా అదే మలుపు. కూర వాసన లేదు. వీధిలో మోటారుసైకిళ్ళ రొద లేదు. చెమ్మగోడ వాసన, చల్లారిన బూడిద వాసన. "తోమ్!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు నోటి ముందే ఆగిపోయినట్టయింది.

ఫోన్ గుర్తొచ్చింది. సిగ్నల్ నిండుగా ఉంది. కూతురికి వీడియో కాల్ చేసింది.

"ఏంటమ్మా?" తోమ్ విసుక్కుంది. "ఇక్కడే ఉండి ఫోన్ చేస్తావేంటి?"

"ఇక్కడే... ఎక్కడ?"

"పొయ్యి దగ్గర. కూర కలుపుతున్నావుగా."

పిల్ల ఫోన్ అటు తిప్పింది. పొయ్యి ముందు ఎవరో నిలబడి ఉన్నారు. డియెప్ ఒంటి మీదున్న పూల బట్టలే ఆమె ఒంటి మీదా ఉన్నాయి. జుట్టుకి అదే క్లిప్పు. ఆ వీపు తనదే. గరిటె తిరుగుతోంది... నెమ్మదిగా... తల మాత్రం కదలడం లేదు.

డియెప్ ఫోన్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకుంది. 

"తోమ్, చప్పుడు చెయ్యకు. బయటికి పో."

"గేటుకి తాళం ఉంది." పిల్ల గొంతు గుసగుసైంది. "నువ్వు నిజంగా మా అమ్మవేనా?"

"నేనేరా తల్లీ. నిన్న నీ కింది పన్ను ఊడితే ఇద్దరం కలిసి ఇంటికప్పు మీదకి విసిరాం. నానమ్మకి కూడా చెప్పలేదు, గుర్తుందా?"

పిల్ల ఫోన్‌ని మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

"మరి ఈవిడెవరు?" అంది తోమ్.

అప్పుడే ఫోన్లో గేటు తీసిన గరగర వినిపించింది. వెంటనే అత్తగారి కేకలు. "పైన దీపం ఎవరు తీశారు? వీధిలోంచే చూశా, కిటికీ నల్లగా ఉంది! చెప్పానా లేదా?"

"నేనే తీశాను అత్తయ్యా. తప్పయిపోయింది. పదండి, ఇప్పుడే పెట్టేద్దాం."

అది డియెప్ గొంతే. అంత అణకువగా ఆమె ఈ ఇంట్లో ఏనాడూ మాట్లాడలేదు. అత్తగారి కోపం అప్పుడే చల్లారింది. "సరే పద, ఆ డబ్బా తీసి పారేద్దాం," అంది.

డియెప్‌కి అర్థమైంది. అక్కడున్నది ఒకటే ప్లగ్ పాయింట్. దీపం పెట్టాలంటే ఇది తియ్యాలి. ఈ నీలంరంగు లైటు ఆరిందంటే తనకూ ఆ ఇంటికీ మధ్య ఇంకేమీ మిగలదు.

"తోమ్! నానమ్మని ఆపు! ఆ లైటు తియ్యనివ్వకు. ఏడువు, కొరుకు, ఏదో ఒకటి చెయ్యి!"

పిల్ల పరిగెత్తిన చప్పుడు. ఏడుపు. "వద్దు నానమ్మా, అమ్మ అందులో ఉంది!"

"చాల్లే నీ వేషాలు! తాతకి దీపం లేకుండా చేస్తామా?"

"బంగారం... అమ్మ దగ్గరికి రా," అంది డియెప్ గొంతు, ఎంతో ముద్దుగా.

మెట్ల మీద అడుగులు ఫోన్లోంచి దగ్గరవుతున్నాయి. మలుపులో మాత్రం ఎవరూ లేరు. డియెప్ రెండు చేతులతో ఎక్స్‌టెండర్‌ని గోడకి అదిమి పట్టింది. "అత్తయ్యా! నేనిక్కడున్నాను! అత్తయ్యా!"

అరచేతుల కింద డబ్బా కదిలింది. కాయలు కాసిన వేళ్ళు తన వేళ్ళ మధ్య దూరినట్టు స్పష్టంగా తెలిసింది. రోజూ మంచి ముక్క ఏరి తన గిన్నెలో వేసే అత్తగారి చెయ్యి అది. ఆ చెయ్యి గట్టిగా లాగింది.

లైటు ఆరిపోయింది. ఫోన్లో పిల్ల ఏడుపు సగంలో తెగిపోయింది.

తర్వాత ఎంతసేపు ఆ చీకట్లో తిరిగిందో డియెప్‌కి తెలియదు. మెట్లు దిగింది, ఎక్కింది, గోడలు గోళ్ళతో గీకింది. ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

అప్పుడు అగరొత్తుల వాసన వచ్చింది. ఆ వెనకే కూర వాసన, కాకరకాయ చారు వాసన. ఎక్కడో పైన, గోడ అవతల నుంచి వచ్చినట్టు, అత్తగారి గొంతు వినిపించింది.

"ఏవండీ, రండి, తినండి. అత్తగారూ, మీరూ రండి..."

అక్కడ ఆగింది.

"ఇంకొకరు ఉండాలే... ఆ చివరి ఫోటో ఎవరిది? పేరు నాలుక చివర ఉంది, రావడంలేదు."

"అంతే అత్తయ్యా," అంది డియెప్ గొంతు. "ఇంకెవరూ లేరు."

 ముక్కు చీదిన చప్పుడు. తోమ్ సన్నగా, రోజూ పాడే వరసలోనే అందుకుంది.

"మా అమ్మ డియెప్... రా అమ్మా. అన్నం తిను."

"ఛీ, నోర్ముయ్! బతికున్న మనిషి పేరు చదువుతారటే!"

 డియెప్ కాళ్ళ దగ్గర, చీకట్లో, పింగాణీ గిన్నె నేల మీద పెట్టిన చప్పుడైంది. వేడి ఆవిరి పాదాలకి తగిలింది. ఆమెకి విపరీతంగా ఆకలి వేసింది.