చప్పుడు లేకుండా దించడం

అది మార్చి పన్నెండో తేదీ అని ఆయనకు ఇప్పటికీ గుర్తు. ఆ పొద్దున ఇంట్లో తిన్నవి ఉడికించిన గుడ్లు, ఒక పక్క మాడిన రొట్టె. రొట్టె మాడింది ఆయన చేతిలోనే. భార్య పోయి ఏళ్లు గడిచినా ఆయనకూ పొయ్యికీ స్నేహం కుదరలేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కోడలు మాడిన ముక్కను తన పళ్లెంలోకి లాక్కుంది. ఒక గుడ్డు పెంకు తీసి ఆడపడుచు కోసం మూత పెట్టింది. తర్వాత కళ్లు మూసుకునే తింది.

"పడుకో తల్లీ," అన్నాడాయన.

"పడుకుంటాను మామయ్యా, మీ పిడుగు పడుకోనిస్తే."

పిడుగు ఆయన కూతురు. ఆ పేరు దాని అన్న, అంటే ఈ కోడలి మొగుడు, పెట్టాడు. పెట్టినవాడు లారీ ఎక్కి ఊళ్లు తిరుగుతుంటాడు, ఆ పేరు మోత భరించేది ఇంట్లోవాళ్లు. పిల్ల బాక్సింగ్ చేస్తుంది. మూడు వారాల్లో పోటీ. మొదటి రెండు రౌండ్లు పులిలా ఆడి మూడో రౌండులో చేతులు వాల్చేస్తోందని కోచ్ కొత్త సాధన ఇచ్చాడు. ఇనుప ప్లేట్లు తగిలించిన బార్‌ను ఒకసారి ఎత్తితే, నడుము వంచి గుంజడం, భుజాల మీదికి తెచ్చుకోవడం, దాంతోనే కూర్చుని లేవడం, తలకన్నా పైకి నెట్టడం, అన్నీ అయ్యేదాకా నేలకు దించకూడదు. దమ్ము పెరగడానికి అదే దారట. బార్ ఉన్నది మేడ గదిలో. సరిగ్గా దాని కిందే కోడలి మంచం.

ఆయన గడియారాలు బాగుచేసే బల్ల ముందు కూర్చున్నాడు. చిన్న మరమేకును పట్టకారుతో ఎత్తాడో లేదో, పైన ధన్‌మని మోగింది. మరమేకు ఎగిరి ఎక్కడో పడింది. వంగి వెతుకుతుంటే ఇంకోసారి మోగింది.

మూడో మోతకు కోడలి గది తలుపు తెరుచుకుంది. చేతిలో బ్యాగు.

"నర్సుల హాస్టల్లో మంచం ఖాళీ ఉందట మామయ్యా. సాయంత్రం వెళ్తాను."

గొంతు పెంచలేదు. దానికే ఆయనకు భయం వేసింది.

పిడుగు చెమటలు కక్కుతూ మెట్లు దిగింది. "ఏమైంది వదినా? బార్ కింద పరుపు కూడా వేశాను కదా."

"వేశావు. అంతకుముందు ధన్ అనేది, ఇప్పుడు దబ్ అంటోంది. సంతోషం."

"ఇంకో మూడు వారాలు. ఓర్చుకోలేవా?"

"నిన్న రాత్రి ఒకాయన మందు పక్క మంచం ఆయన నోటిదాకా తీసుకెళ్లాను. 'నాది తెల్ల మాత్ర కదమ్మా' అని ఆయనే అన్నాడు కాబట్టి సరిపోయింది. ఓర్చుకోడానికి నాలో ఇంకేం మిగల్లేదు అమ్మాయ్."

ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాళ్లకు అన్యాయమే. ఆయన చివరికి నోటికొచ్చింది అడిగాడు. "దించకూడదన్నారు కదమ్మా మీ సారు. మరి ఎందుకు పడేస్తున్నావు?"

"కాళ్లు ఎంతైనా మోస్తాయి నాన్నా. పైకి నెట్టేటప్పుడు చేతుల్లోంచి జారిపోతోంది. నాలుగిట్లో నాకు బాగా కష్టమైనదాన్ని బట్టే బరువు పెట్టుకోమన్నారు సార్. అంత తక్కువ పెడితే క్లబ్బులో నవ్వుతారని..."

"ఇక్కడ నవ్వేదెవరే, మీ నాన్న గడియారాలా?" అంది వదిన.

పిడుగు నవ్వలేదు. బ్యాగు పట్టుకున్న వదిన వేళ్లు వణుకుతున్నాయి. మూడో రౌండులో తన చేతులూ అలాగే వణుకుతాయి. ఇన్నాళ్లూ ఆ చేతులు ఒలిచి పెట్టిన గుడ్లు తింది గానీ ఆ చేతుల వంక చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాయంత్రం వెళ్లేముందు ఒక్కసారి పైకి రా వదినా. చప్పుడైతే నీ బ్యాగు హాస్టల్ దాకా నేనే మోస్తాను."

సాయంత్రం కోడలు పైకి వెళ్లింది. ఆయన కింద కూర్చుని చెవులు రిక్కించాడు. ధన్ లేదు, దబ్ లేదు. మాటలు కూడా లేవు. పోట్లాడుకుని మాటలు మానేశారేమోనని కంగారుగా మెట్లెక్కాడు.

బార్‌కు రెండే రెండు చిన్న ప్లేట్లు. పిడుగు దాన్ని తల పైకి నెట్టి, భుజాల మీదికి, తొడల దాకా, అక్కణ్ణుంచి పరుపు మీదికి దించింది, నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు. రొప్పు వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పై మెట్టు మీద గోడకు ఆనుకుని కోడలు నిద్రపోతోంది.

"చూడమంటే రెండో చుట్టులోనే నిద్రపోయింది," అని గుసగుసలాడింది పిడుగు.

ఇద్దరూ చెరో చెయ్యి పట్టి కిందికి తెచ్చారు. మంచం మీద వాలి, కళ్లు తెరవకుండానే అందామె, "అమ్మాయ్, బ్యాగులో నా దుప్పటి ఉంది, తియ్యి."

పిడుగు తీసి కప్పింది. ఆ రాత్రి కోడలికి డ్యూటీ లేదు. బయట ఇంకా వెలుతురు ఉన్నా ఆ ఇంటికి రాత్రి అయింది. ఆయన దీపం ఆర్పి, గడియ చప్పుడు కాకుండా పిడి తిప్పి పట్టుకుని, తలుపు మెల్లగా మూశాడు.