సర్వర్ గదిలో ఆ చెయ్యి

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కన ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. చీకటి పడితే దాని వెనక గదిలోకి ఎవరూ అడుగు పెట్టరు. అందులో ఉన్నది స్టోరేజీ లెక్కలు దాచే ఒక సర్వరే. కానీ రాత్రిళ్లు మూలుగుతుందనీ, తెల్లారేసరికి చచ్చి పడుంటుందనీ పేరు పడిపోయింది.

ఆ పేరు పుట్టించింది మేనేజరు చెంచయ్య. గుమ్మానికి గుమ్మడికాయ కట్టించిందీ ఆయనే. బాగుచేసే మనిషిని పిలవాలని మాత్రం ఆ బుర్రకి తట్టలేదు.

ఓ రోజు ఎంత లేపినా కంప్యూటర్లో లెక్కలు తెరుచుకోలేదు. ఏ గదిలో ఖాళీ ఉందో తెలీక మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, దించడం ఆపేశారు. గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. పొద్దుగూకింది. పడమట మబ్బు కమ్మింది.

"ఏడాది పంటయ్యా! తడిస్తే నీ నెత్తిన పోసుకుంటావా?" మిర్చి రైతు వెంకటరావమ్మ ట్రాక్టర్ మీంచే అరుస్తోంది.

అప్పటికి గాని గుంటూరు నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఖుర్షిదాను పిలిపించలేదు. ఇదంతా ఆమె చెబితే విన్నదే.

"జాగ్రత్తమ్మా... అది లోపలే ఉంది," గుమ్మం బయటే నిలబడి గుసగుసలాడాడు చెంచయ్య.

ఆమె లోపలికెళ్లి కూర్చుంది. సర్వర్ ఆన్ చేస్తే లైనక్స్ బాగానే వచ్చింది. లెక్కలుండే డేటాబేస్ మాత్రం... స్టార్ట్ చేస్తే లేచినట్టే లేచి పడిపోయింది. మళ్లీ అంతే. బయట ఉరిమింది.

జరిగిందల్లా సర్వర్ రాసుకునే లాగ్ తెరిచింది. చివరి వరుసలో కారణం రాసే ఉంది — డిస్కులో చోటు లేదు.

"డిస్కు నిండా ఈ వీడియోలన్నీ ఏంటండీ?"

"దెయ్యాన్ని పట్టుకుందామని... కెమెరా పెట్టించా. చూసే ధైర్యం చాల్లేదు."

ఆమె ఒకటి తెరిచింది. ఖాళీ గది. చాలాసేపు ఏమీ లేదు... తలుపు కదిలింది. ముసుగు కప్పుకున్న ఆకారం ఒకటి గోడ పట్టుకుని వచ్చింది. చెయ్యి చాచి సర్వర్ వైరు పట్టుకుంది —

తెర నల్లబడింది.

ఇంకోటి తెరిచింది. అదే ముసుగు... అదే చెయ్యి... అదే నలుపు.

ఖుర్షిదా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. బొమ్మ ఆపి, ముఖం పెద్దది చేసింది.

చెంచయ్య!

"మూలుగుతుంటే భయమేసి... ఇంటికెళ్లేముందు రోజూ ముసుగేసుకొచ్చి వైరు పీకేసేవాణ్ణి," నసిగాడు.

"మూలిగేది ఫ్యానండీ."

ఆ వీడియోలన్నీ చెరిపేసి మళ్లీ స్టార్ట్ చేసింది. డేటాబేస్ లేచి నిలబడింది. చినుకులు మొదలవుతుండగా టిక్కీలు లోపలికెళ్లాయి.

సంగతి విన్న వెంకటరావమ్మ చివరి టిక్కీ దింపించి, చెంచయ్యను ఎగాదిగా చూసింది.

"దెయ్యమైతే తెల్లారితే పోయేది. నువ్వు మళ్లీ డ్యూటీకొస్తావు!"