అడుగు తరగతి

పిల్లలు థర్మోకోల్ కప్పుల మీద పేర్లు రాసిచ్చారు. నూకరత్నం టీచరు వాటిని వలసంచిలో వేసి, పీడనకుండలోకి దించి, మూత బిగించింది. ముల్లు మూడువందల దగ్గరికి వెళ్లి ఆగింది. సముద్రంలో మూడువేల మీటర్ల కింద ఉండే బరువు అది. కుండ తెరిచి చూస్తే టీ కప్పులన్నీ బొటనవేలంత అయ్యాయి. పేర్లు చెరగలేదు కానీ చదవాలంటే కళ్లు చికిలించాలి. తొమ్మిదో తరగతి అంతా నవ్వింది. ఏటా ఈ పాఠానికి నవ్వుతారు. నూకరత్నం మాత్రం ఆ కప్పుల్ని చూడటం మానేసి చాలాకాలమైంది.

మనిషిని సముద్రం అడుగుకు దించే దిగుడుగుల్ల ఎందుకంత చిన్నగా ఉంటుందని అడిగింది. పిల్లలు ఒక్క గొంతుతో అప్పజెప్పారు. గుల్ల పెద్దదైతే గోడ మందం పెరగాలి, మందం పెరిగితే బరువూ ఖర్చూ పెరుగుతాయి. అందుకే లోపల ఒక్కరు ముడుచుకుని కూర్చునేంత చోటే ఉంటుంది. ఆ చోటులో పెద్దవాళ్లు పట్టరు, పదో తరగతి పిల్లలు సరిపోతారు. ఈ చివరి మాట పుస్తకంలో లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

ఆరోగట్టు బడి కిటికీల్లోంచి సముద్రం కనబడదు. మొదటి అయిదు గట్లూ నీళ్లలో కలిసిపోయాక కట్టిన ఆరో గట్టు ఒక్కటే కనబడుతుంది. దానవతల వేట నిషేధం. పడవలు తిరగేసి పెట్టి ఏళ్లయింది. గట్టు కట్టించిందీ, బడి కట్టించిందీ, మధ్యాహ్నం అన్నం పెడుతున్నదీ అడుగుసంపద మండలే. పాఠ్యపుస్తకం వేసిందీ వాళ్లే.

పది కొట్టగానే గోడపలక మీద పన్నెండు పచ్చచుక్కలు వెలిగాయి. అడుగు తరగతి పాఠానికి వచ్చింది. చదువు మానిపించి పిల్లల చేత పని చేయించకూడదని చట్టం. మండలివారు చట్టానికి కట్టుబడ్డవారు కాబట్టి చదువు మానిపించరు. పన్నెండు మంది పదో తరగతి పిల్లలు సముద్రం అడుగున గుల్లల్లో కూర్చుని, ఇనుపచేతులతో లోహపుగడ్డలు ఏరుతూ పాఠం వింటారు. దానికి ప్రాక్టికల్స్ అని పేరు. నీళ్లలోంచి శబ్దంగా మాట వెళ్లి జవాబు రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది.

ఆ రోజు పాఠం గాలిశుద్ధి. వదిలిన ఊపిరిలోని చెడుగాలిని సున్నం డబ్బా పీల్చుకుంటుంది. డబ్బా నిండిపోతే ఏమవుతుందో చెప్పమని నూకరత్నం పైడితల్లిని అడిగింది. వాసుపల్లి పైడితల్లి ఆ తరగతికంతటికీ తెలివైనది. ప్రశ్న పూర్తికాకముందే జవాబు తన్నుకొస్తుంటుంది దానికి. ఈసారి నాలుగు సెకన్లు గడిచాయి, ఇంకో నాలుగూ గడిచాయి.

“నిద్దరొస్తంది టీచర్,” అంది చివరికి. “తలకాయ దిమ్మెక్కిపోనాది. ఏటడిగారో మర్సిపోనాను.”

ప్రశ్నకు అంతకన్నా సరైన జవాబు లేదు. డబ్బా నిండిపోతే సరిగ్గా అదే జరుగుతుంది.

మైకు మూసి, మండలి డ్యూటీ అధికారి ముకుందరావుకు ఫోను చేసింది. చెడ్డవాడేం కాదాయన. ఓపిగ్గా విన్నాడు. తన తెర మీద పైడితల్లి డబ్బా బాగానే ఉందన్నాడు. అలలు పెరిగాయని, గుల్లల్ని ఎక్కించుకునే సేకరణ ఓడ రేవుకు వెళ్లిందనీ, రేపు సాయంత్రానికి గానీ రాదనీ, గుల్లను పైకి వదిలే ఆజ్ఞ ఓడ నుంచే వెళ్లాలనీ చెప్పాడు. ఓడ లేకుండా పైకొస్తే గుల్ల ఎటు కొట్టుకుపోతుందో ఎవరికీ తెలియదు. తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది. ఇన్ని చెప్పి, “నా చేతుల్లో ఏముంది మేడమ్” అన్నాడు. నిజంగానే ఏమీ లేదు.

రేపు సాయంత్రం దాకా ఆ పిల్ల బతకదు. మధ్యాహ్నం అన్నం గంట దాకా బతికినా గొప్పే. నూకరత్నం లెక్క వేసుకుంది, ఆ లెక్క నేర్పేది తనే కనుక.

మండలి పుస్తకంలోంచి తీసేసిన పాఠం ఒకటుంది. గుల్ల కింద వేలాడే ఇనపదిమ్మల్ని పట్టి ఉంచేది విద్యుదయస్కాంతం. కరెంటు పోతే దిమ్మలు ఊడిపోతాయి, గుల్ల తనంతట తానే తేలుతుంది. ప్రాణం కాపాడటానికి ఎవరో మంచి ఇంజనీరు చేసిన ఏర్పాటు అది. పిల్లలు భయపడి ఊరికే పైకొచ్చేస్తున్నారని మండలి ఆ కరెంటు మీటకు ఎర్రమూత బిగించింది. మూత తీస్తే గుల్ల పేలిపోతుందని కొత్త పుస్తకంలో రాసింది. మూడేళ్లుగా ఆ అబద్ధాన్ని నూకరత్నం బోర్డు మీద రాసి మరీ చెబుతోంది. తన చదువు మీద తనకే అసహ్యం వేసింది.

మైకు తెరిచింది. బడిలో ఎన్నడూ మాట్లాడని జాలరి వాడబాసలో మాట్లాడింది.

“పైడీ, నా మాటిను. కుడిసేతి కాడ ఎర్రమూతున్నాది సూడు. అది పీకెయ్. పేలదు. నాను అబద్దం సెప్పాను. దాని కింద మీట ఆపెయ్.”

తొమ్మిదో తరగతి పుస్తకాల్లోంచి తలలెత్తింది.

“సీకటైపోద్ది గదా టీచర్.”

“అయిపోద్ది. పంకా ఆగిపోద్ది. నా మాట కూడా ఇనపడదు. బయపడకు. దిమ్మలు ఊడిపోతాయి, నువ్వు పైకొచ్చేస్తావు. ఊగినట్టుండి, అద్దంలో ఎలుతురొచ్చినాకే నెత్తి మీద గాలికన్నం తిప్పు. ముందు తిప్పకు. పాటలు పాడకు, గాలయిపోద్ది.”

“పైన ఓడుంటాదా?”

అవునని చెప్పాలని ఎంతో అనిపించింది. అబద్ధాలు చాలనుకుంది. “నేదమ్మా. ఎవులూ నేరు. గాలున్నాది.”

ఆ మాట అడుగుకు చేరింది. పలక మీద పైడితల్లి చుక్క ఆరిపోయింది. గోడలోని యంత్రం మర్యాదగా “వాసుపల్లి పైడితల్లి, గైర్హాజరు” అంది.

నీళ్లలో శబ్దం అందరికీ ఒకటేనన్న సంగతి నూకరత్నానికి అప్పుడు తట్టింది. ఒకరికి చెప్పింది పన్నెండు మందీ విన్నారు. రెండో చుక్క ఆరింది. మూడు, నాలుగు ఒకేసారి ఆరాయి. యంత్రం ఒక్కొక్క పేరే గైర్హాజరు చదువుకుంటూ పోయింది. పైన ఓడ లేదని తెలిసి, పైన ఎవరూ లేరని తెలిసి, ఆ పిల్లలు చీకటిని ఎంచుకున్నారు. అడుగున వాళ్లెలా బతుకుతున్నారో అడగాలని ఇన్నాళ్లూ తనకు తోచలేదే అని ఆమె కుమిలిపోయింది.

ఒక్క చుక్క మిగిలింది.

“టీచర్,” అంది సన్నటి గొంతు. సూరాడ దాలమ్మ, అందరిలోకీ చిన్నది. “అందరూ ఎల్లిపోనారా? నా పేరు పిలవనేదు గదా. నానుండిపోనాను.”

ప్రాక్టికల్స్‌లో పేరు పిలిస్తేనే మీట ముట్టుకోవాలని నేర్పింది నూకరత్నమే. దాలమ్మ ఆ మాట తప్పలేదు.

ఫోను మోగింది. ముకుందరావు గబగబా చెప్పాడు. అడుగున ఒక్క మనిషైనా ఉన్నంతసేపే అక్కడి తవ్వకం హక్కు మండలిది. గంటసేపు ఖాళీగా ఉంటే హక్కు రద్దవుతుంది. గట్టు, బడి, మధ్యాహ్నపు అన్నం, అన్నీ ఆ హక్కు మీదే నడుస్తున్నాయి.

“దాలమ్మ డబ్బా కొత్తది మేడమ్. పైన ఆ అలల్లో కన్నా అక్కడే క్షేమం. ఆ ఒక్కదాన్నీ ఉంచండి. దయచేసి.”

ఆయన అబద్ధం చెబుతున్నట్టు లేదు. పైడితల్లి డబ్బా బాగుందన్నప్పుడూ అలాగే ఉంది. పిల్ల అడుగున ఉంటే రేపటికి దొరకొచ్చు, పైకొస్తే ఎప్పటికీ దొరక్కపోవచ్చు. ఉంటే మాత్రం వచ్చే ఏడు ఈ గదిలోని వాళ్లంతా దిగుతారు. నూకరత్నం బెంచీల వైపు చూసింది. పిల్లలెవరూ ఆమెను చూడటం లేదు, ఆ చుక్కనే చూస్తున్నారు. దాలమ్మ ప్రాణం పెట్టి వీళ్లను కొనే హక్కు తనకెవరిచ్చారో ఆమెకు తెలియలేదు. అడుగున ఉంచే హక్కూ ఎవరూ ఇవ్వలేదు.

“టీచర్, ఉన్నారా?” అంది దాలమ్మ. “నానొక్కదాన్నే ఉండనేనండి.”

నూకరత్నం ఫోను పెట్టేసింది. మైకును రెండు చేతులతో పట్టుకుంది.

“సూరాడ దాలమ్మ,” అని పిలిచింది.

నాలుగు సెకన్లు గడిచాయి. పలక మీద ఆఖరి చుక్క ఆరిపోయింది.