తొమ్మిదో బిడ్డ

వెర్లీన్ కోల్విన్ వంటింట్లో జూలై వచ్చిందంటే బల్ల మీద పళ్ళెం పెట్టుకోవడానికి చోటుండదు. ఆ ఉదయం కూడా అంతే. పెద్ద మంచం దుప్పటి ఒకటి బల్ల నిండా పరిచి, దాని మీద చెట్టు బొమ్మ గీసి, కొమ్మకొమ్మకీ పేర్లు రాస్తోంది. ఆమె భర్త డేల్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు తిరిగి గుడ్లు తింటున్నాడు.

"కాఫీ దుప్పటి మీద పడిందంటే ఊరుకోను, ముందే చెబుతున్నా," అంది వెర్లీన్.

"నా తాతలే కదే వాళ్ళు. కాస్త కాఫీ పడితే ఏమీ అనుకోరు," అన్నాడు డేల్.

వంశం ఆయనది, దాని పిచ్చి మాత్రం ఆవిడది. మా ఒహాయో కొండల్లో అడవి నరికి మొక్కజొన్న వేసిన మొదటి జంటల్లో జోథమ్ కోల్విన్, అతని భార్య టామ్సిన్ ఒక జంట. ఇది జరిగి రెండు వందల ఏళ్ళు దాటింది. ఏటా ఆగస్టు మొదటి ఆదివారం వాళ్ళ సంతానమంతా ఊరి హాల్లో కలుస్తుంది. కోడికూర, నూడుల్స్, చిక్కుడుకాయలు, పిండిలో పళ్ళు పెట్టి కాల్చిన పన్నెండు రకాల పైలు. ఈసారి గోడకి వెర్లీన్ దుప్పటి వేలాడాలి. టామ్సిన్ ఎప్పుడు ఏ వాగు దాటి వచ్చిందో వెర్లీన్‌కి తెలుసు, ఆమె ఆవు రంగు కూడా తెలుసు. పక్కింటి సంగతులు మాత్రం ఆమెకి ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తాయి.

ఆమెకి మింగుడుపడనిది ఒకటే ఉంది. కొండమీది టామ్సిన్ సమాధి రాయి మీద 'తొమ్మిదిమంది బిడ్డల తల్లి' అని చెక్కి ఉంది. వెర్లీన్ ఎంత వెతికినా దొరికింది ఎనిమిదిమందే. రాయి చెక్కినవాడు తాగి ఉన్నాడని ఆమె తీర్మానించేసింది. ఆడపడుచు ఆర్డిత్ మాత్రం కలిసినప్పుడల్లా "ఏం వదినా, తొమ్మిదోవాడు దొరికాడా?" అని దెప్పకుండా వదలదు.

కోడలు రోండా వెనక గుమ్మంలోంచి వచ్చింది. పొలానికి అవతలే వాళ్ళ ఇల్లు. ఆరో నెల. ఆ రోజు కొండ మీద వంశంవాళ్ళ సమాధులు శుభ్రం చేయాలి, అందుకని చేతి తొడుగులు తెచ్చుకుంది. వస్తూనే దుప్పటి మీదికి వంగి, పైకొమ్మ మీద భర్త కర్టిస్ పేరు, పక్కన తన పేరు చూసుకుంది. కిందికొక రెమ్మ గీసి ఉంది. దాని చివర ఖాళీ.

"ఈ రెమ్మ ఎవరికి అత్తయ్యా?"

"ఇంకెవరికి, నీ కడుపులో ఉన్నవాడికి. ఆగస్టుకి పుట్టడు గానీ, చోటు ఉంచాను."

"మరి ఎమెట్?"

వెర్లీన్ కలం ఆగింది. మూడేళ్ళ కింద రోండాకి పుట్టిన మొదటి బిడ్డ వాడు, పుట్టిన రోజు సాయంత్రమే పోయాడు. బంధువులకి వాడి పేరు కూడా తెలియదు.

"పెరిగి పెద్దయినవాళ్ళనే రాస్తున్నా రోండా. మొదటినుంచీ అదే పద్ధతి. అందరినీ రాస్తే కొమ్మలు పట్టవు."

"అంగుళం చోటు దొరకదా?"

"చోటు సంగతి కాదే. హాల్లో నూటయాభై మంది ముందు ఆ పేరు చూసి నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనా, మీరా?" రోండా గొంతు పెరిగింది. "ఆసుపత్రికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. వాణ్ణి ఎత్తుకోమంటే 'ఇంట్లో పనులున్నాయి' అని వెళ్ళిపోయారు. నేనొచ్చేసరికి ఉయ్యాల విప్పేసి అటకెక్కించారు. బట్టలు కూడా లేవు. అప్పుడు తుడిచేశారు, ఇప్పుడు ఇదిగో, మళ్ళీ తుడిచేశారు."

"నీ కళ్ళబడితే బాధపడతావనే కదటే! మంచికి పోతే చెడు ఎదురైందని..."

డేల్ లేచి పళ్ళెం సింకులో పెట్టాడు. "ట్రక్కులో కర్టిస్ ఎదురుచూస్తున్నాడు," అన్నాడు. ఆయన సాధారణంగా చెప్పేది ఇంతే, ఆ రోజూ ఇంతే చెప్పాడు.

కోపతాపాలు ఎన్నున్నా కోల్విన్లు సమాధుల పని ఎగ్గొట్టరు. అత్తా, కోడలూ, కర్టిస్ ట్రక్కులో కొండెక్కారు. కర్టిస్ గడ్డి కోసే యంత్రంతో కంచె వైపు వెళ్ళిపోయాడు. వెళుతూ భార్యనీ తల్లినీ ఒకసారి చూసి, యంత్రం కావాలనే పెద్దగా మోగించాడు.

అక్కడ పాతకాలం ఆడవాళ్ళు నాటిన నీలిపూల తీగ సమాధులన్నిటినీ కప్పేస్తుంది. దాన్ని ఏడాదికోసారి పీకకపోతే రాళ్ళు కనపడవు. వెర్లీన్ టామ్సిన్ రాయి దగ్గర కూర్చుంది. రోండా దాని పక్కనున్న చిన్న వాగురాయి దగ్గర కూర్చుంది. నునుపు చేయని రాయి, దాని మీద వంకరగా ఎ, సి అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. అది టామ్సిన్ కొడుకు ఏసా కోల్విన్‌దని అందరి నమ్మకం. డేల్ ఆ ఏసా వంశమే. ఏసా ముసలితనంలో అయోవాలో కూతురి దగ్గర పోయాడు. శవాన్ని ఇక్కడికి తెచ్చి పాతారని వెర్లీన్ వాదన. అంత దూరం నుంచి బండి మీద, ఎండల్లో, ఎవరు తెస్తారని ఆర్డిత్ ప్రశ్న. దానికి వెర్లీన్ ఇంతవరకు జవాబు చెప్పలేదు.

రోండా తీగ పీకుతూ పీకుతూ ఆగిపోయింది. మట్టిలో ఇంకో రాయి తగిలింది. తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి రాయి పాతడం అప్పటి ఆనవాయితీ. ఇది కాళ్ళ దగ్గరి రాయి. కానీ రెంటికీ మధ్య మూరన్నర కూడా లేదు.

"అత్తయ్యా, ఇలా రండి."

"ఏముందక్కడ, పామా?"

"ఇది పెద్దమనిషి సమాధి కాదు." రోండా రెండు చేతులూ రెండు రాళ్ళ మీద పెట్టింది. "ఈ కొలత నాకు తెలుసు."

వెర్లీన్ వచ్చి చూసింది. మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ చూసింది. టామ్సిన్ ఇంట్లో ఇంగ్లీషు 'ఎ'తో మొదలయ్యే పేరు ఏసా తప్ప ఇంకొకటి లేదు. పోయిన బిడ్డ పేరే తరవాత పుట్టిన బిడ్డకి పెట్టడం అప్పట్లో ఇంటింటా ఉన్నదే. ఇరుగుపొరుగు వంశాల్లో ఇద్దరిని ఒకరిగా కలిపేసినవాళ్ళని ఆమె ఎన్నోసార్లు వెక్కిరించింది కూడా. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

"ఇద్దరు ఏసాలు!" అంది. ఆనందం పట్టలేక కోడలి భుజం పట్టుకుని ఊపింది. "మొదటి ఏసా పసివాడుగా పోయాడు. మన ఏసా రెండోవాడు. వీడేనే తొమ్మిదోవాడు! ఆ రాయి చెక్కినవాడు తాగి లేడు, పాపం! చూశావా, టామ్సిన్ ఎంత గట్టిదో. వాణ్ణి పోగొట్టుకున్నట్టే లేకుండా, అదే పేరు మళ్ళీ పిలుచుకుంది. నువ్వూ అంతేనే, వీడికి ఎమెట్ అని పెట్టేయ్. అంతా సరిపోతుంది!"

మాట బయటికి వచ్చాక తెలిసింది ఆమెకి. నోట్లోకి తిరిగి పోదు గదా.

రోండా అరవలేదు. మెల్లగా చేతి తొడుగులు విప్పింది.

"ఆ పేరు ఎమెట్‌ది అత్తయ్యా. వీడికి వీడి పేరు ఉంటుంది." రాయి మీది అక్షరాల్లో మట్టి గోటితో తీసింది. "పోగొట్టుకున్నట్టే లేదన్నారు. మరి ముసలిదై చచ్చిపోయేటప్పుడు తొమ్మిదిమంది అని ఎందుకు చెక్కించుకుంది? ఎనిమిదిమంది ఎదురుగా ఉన్నారు. తొమ్మిదోవాడిగా వాణ్ణి తప్ప ఇంకెవర్ని లెక్కేసుకుంది?"

 వెర్లీన్ రెండు వందల ఏళ్ళ కిందటి ఆవు రంగు తెలిసిన మనిషి. సొంత మనవణ్ణి గుమ్మంలోంచి చూసి, దుప్పటి మూటే తప్ప మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఎత్తుకుంటే దించలేనని భయపడింది. ఆ సంగతి మూడేళ్ళుగా డేల్‌కి కూడా చెప్పలేదు. ఆమె అక్కడే తీగల మీద కూర్చుండిపోయింది, కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"భయపడ్డానే," అంది. "నీకోసం కాదు. నాకోసమే."

 దూరంగా కర్టిస్ యంత్రం ఆగింది, మళ్ళీ మొదలైంది.

"వాడి జుట్టు ఏ రంగే?" అడిగింది వెర్లీన్.

ఆ ప్రశ్న ఇన్నాళ్ళలో రోండాని ఎవరూ అడగలేదు. 

"నలుపు. తడిగా, ఒత్తుగా ఉండేది. నా వేలు పట్టుకున్నాడత్తయ్యా. పట్టు వదల్లేదు."

"చెప్పు. అంతా చెప్పు."

రోండా అత్తగారి పక్కన చేరి చెప్పింది. కర్టిస్ యంత్రం ఆపేసి వచ్చి తల్లి వెనక నిలబడ్డాడు. పీకాల్సిన తీగ చాలా మిగిలిపోయింది, పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఆగస్టు మొదటి ఆదివారం హాల్లో దుప్పటి వేలాడింది. ఆర్డిత్ తింటున్న పై ముక్క చేతిలో పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడింది. టామ్సిన్ కింద తొమ్మిది పేర్లు లెక్కపెట్టి, దెప్పడానికి ఏమీ దొరక్క, పైకొమ్మల మీద పడింది.

"వదినా, కర్టిస్ కింద ఈ ఎమెట్ ఎవరే? పుట్టబోయేవాడా? ఇంకా పుట్టలేదుగా!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. ఎదురు బల్ల దగ్గర రోండా తలెత్తింది.

"మా పెద్ద మనవడు," అంది వెర్లీన్, హాలంతా వినపడేలా. "ఒత్తయిన నల్లజుట్టు. పట్టు చాలా గట్టిది. మిగతావి వాళ్ళమ్మనడుగు, నాకంటే బాగా చెబుతుంది."