అడుగులు మిగలని గుట్ట

తెర మీద మళ్లీ చీకటే.

పురావస్తు శాస్త్రవేత్త డాక్టర్ పరాంకుశం మూడోసారి మీట నొక్కాడు. నిద్రగుట్ట శిఖరాన, గుండ్రంగా నిలబెట్టిన పదహారు రాళ్ల నడుమ, ముక్కాలి పీట లాంటి యంత్రం తుమ్మెదలా సన్నగా రొద చేసింది. గుట్ట వాలంతా తెర మీద వెన్నెల ఒలికినట్టు మెరుస్తోంది. రాళ్ల వలయం లోపల మాత్రం చుక్క వెలుగు లేదు.

ఆ యంత్రం పేరు పాదదర్శిని. మనిషి వట్టికాలితో నేల మీద నడిస్తే కింద ఇసుక రేణువులు కాస్త ఒదుగుతాయి. పాదం చెమటలోని ఉప్పు మట్టిలోకి దిగుతుంది. పైన గుర్తును గాలి చెరిపేసినా, లోపలి నేల మరచిపోదు. ఎంత అందమైన సంగతి చూడండి! పాదదర్శిని భూమిలోకి మెత్తని తరంగాలు పంపి, నేల దాచుకున్న ఆ జ్ఞాపకాన్ని వెలుగుగా మారుస్తుంది. వేల ఏళ్ల కిందటి భక్తుల అడుగులు నక్షత్రాల్లా తెర మీదికి వస్తాయి.

ఆ వెలుగును నమ్మి ప్రభుత్వం ఒక చట్టం కూడా చేసింది. పాత రాళ్లు ఉన్నంత మాత్రాన చాలదు. అక్కడ మనుషులు మొక్కినట్టు పాదదర్శిని చూపించాలి. చూపిస్తే అది పుణ్యస్థలం, ఎవరూ ముట్టుకోరు. చూపించకపోతే ఉత్త రాళ్లు. నిద్రగుట్ట కడుపులో లిథియం ఉంది. మర్నాడు సాయంత్రం ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత గుట్టను పేల్చేస్తారు.

"ఏమంటది సారూ నీ డబ్బా?" అన్నాడు కొమురయ్య. గుట్ట కింది గూడెంలో పెద్దమనిషి.

"ఇక్కడికి ఎవరూ రాలేదంటోంది."

"ఎవ్వరు రాలేదా? మరి నా మోకాళ్లు ఊకెనే అరిగినయా?"

ఆయన వదిన ఈరమ్మ నవ్వలేదు. డెబ్బై ఏళ్ల మనిషి. వలయం అంచున గొంతుక్కూర్చుని తెర వైపే చూస్తోంది. ఆమె పక్కన వాగు ఇసుకతో నిండిన గంప, దాని మీద పచ్చి కానుగ కొమ్మ.

"ఆ ఇసుక దేనికమ్మా?" అడిగాడు పరాంకుశం.

"పోయేటప్పుడు పరిచేటందుకు. మేం తొక్కిన మట్టి పిడికిలి పిడికిలి తీసి గంపల ఏసుకుంటం. ఆ జాగల కొత్త ఇసుక పోస్తం. కొమ్మతోని సాపు జేస్తం. తొక్కిన మట్టిని వాగుల కలుపుతం. మా తాతల తాతల కాడికెల్లి గిట్లనే."

పరాంకుశం చేతిలోని పెన్ను కింద పడింది. ఈ రాళ్లు నిలబెట్టి మూడు వేల ఏళ్లు! ఒక్క అడుగు కూడా మిగలకుండా!

"ఎందుకమ్మా?"

"కింద మావోళ్లు పండుకున్నరు సారూ. అడుగులు కనవడితే, ఇంటికి తోల్కపోను వచ్చిండ్రనుకుంటరు. లేచి ఎంబడి వస్తరు. పండుకున్నోళ్లను లేపుడు పాపం కాదా?" ఆమె మూడో రాయి వైపు చెయ్యి చాపింది. "దాని కింద నా బిడ్డ ఎల్లి ఉన్నది. ఆరేండ్ల పిల్ల. పోయి నలభై ఏండ్లాయె. బతికున్నప్పుడు పండుకోమంటే మస్తు సతాయించేది. ఇప్పుడన్న పండుకున్నది."

పరాంకుశం అప్పుడే ఆ ఫైలు చూసే అధికారిణి సులోచనకు ఫోన్ చేశాడు. ఆ చీకటే సాక్ష్యమని, అంత శుభ్రమైన చీకటి ప్రపంచంలో ఇంకెక్కడా లేదని చెప్పాడు.

"మీరు చెప్పేది నేను నమ్ముతాను డాక్టర్ గారూ," అంది ఆమె నెమ్మదిగా. "కానీ ఫారంలో చీకటికి గడి లేదు. రాళ్లు పాతవని ఇదివరకే తేలింది. అడుగులు ఇవాళ్టివైనా సరే, యంత్రానికి కనబడితే నేను సంతకం పెడతాను."

ఆయన ఆ మాట ఉన్నదున్నట్టు ఈరమ్మకు చెప్పాడు. చెప్పాక తల ఎత్తలేకపోయాడు.

రాళ్ల నీడలు వలయం ఇటునుంచి అటు జరిగాయి. గూడెం వాళ్లంతా ఆమె మొహం వంకే చూస్తున్నారు.

"గుట్టను పేలిస్తే ఎట్లనన్న లేస్తరు," అంది చివరికి. "చప్పుడుకు బెదిరి లేసుడు కన్న, నా అడుగు జూసి లేసుడే నయం."

తెల్లవారి గూడెమంతా గుట్టెక్కింది. ఎవరి చేతిలోనూ గంప లేదు, కొమ్మ లేదు. వట్టికాళ్లతో రాళ్ల వలయం లోపల తిరిగారు. ఏడుస్తూ తిరిగారు. తెర మీద ఒక చుక్క వెలిగింది, పది వెలిగాయి, తర్వాత వలయమంతా పండువెన్నెలైంది. సులోచన సంతకం పెట్టింది.

ఈరమ్మ అందరికన్నా చివర దిగింది. వెనక్కి చూడలేదు. కానీ ఎంత నెమ్మదిగా దిగిందంటే, వెనకాల ఎవరో చిన్నకాళ్లతో అందుకోవాలన్నట్టు దిగింది.

ఏడాది తర్వాత పరాంకుశం మళ్లీ వచ్చాడు. గుట్ట చుట్టూ కంచె, బోర్డు, టిక్కెట్టు కిటికీ, బస్సుల బారులు. వందల మంది ఆ రాళ్లకు మొక్కుతున్నారు. గూడెం వాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మొదటి వార్షికోత్సవానికి దీపం వెలిగించడానికి ఈరమ్మను పిలవాలని ఆయన వాళ్లింటికి వెళ్లాడు.

"అక్కడ ఎవరున్నరు సారూ?" అందామె వింతగా. "అందరు మా ఎంబడి వస్తిరి గద!"

అరుగు మీద కొమురయ్య బీడీ ఆర్పి చూరులో దోపాడు. "మా తాతకు సారూ. సగం దాసిపెట్టకుంటే నన్ను పండుకోనియ్యడు."

లోపల రెండు విస్తళ్లు వేసి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"లేచిన కాడికెల్లి మళ్ల పండుకుంటలేదు," అంది ఈరమ్మ. ఆమె కళ్లు అలిసిపోయి ఉన్నాయి, మెరుస్తూ కూడా ఉన్నాయి. "కథ చెప్పు, ఇంకోటి చెప్పు అంటది. నాకొచ్చిన కథలన్ని ఒడిసినయి. నేను పోయినంక దానికి ఎవరు చెప్తరో!"

పరాంకుశం భుజాన వేలాడుతున్న సంచిలో చిన్న పాదదర్శిని ఉంది. దాన్ని బయటికి తీయాలనిపించలేదు.

సెలవు తీసుకుని వాకిట్లోకి దిగాడు. మెత్తటి దుమ్ములో తను వచ్చిన అడుగులు కనిపించాయి. జీవితమంతా అడుగుల కోసమే వెతికిన ఆ మనిషి, గోడకు ఆనించిన కానుగ కొమ్మ అందుకుని, వంగి, తన అడుగును తుడవబోయాడు.

ఈరమ్మ వచ్చి ఆయన చేతిలోంచి కొమ్మ తీసుకుంది.

"ఉండనీ బిడ్డా," అంది. "ఈ అడుగులెవరియని అడుగుతది. ఇయ్యాల్టికి దానికో కథయితది."